మా ఇంట్లో మిగిలిపోయే పని

మా ఆవిడ నర్సు. రాయ్‌పూర్‌లో దేవేంద్ర నగర్ వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేసేది. పెళ్ళికి ముందు నుంచీ ఆమెకి ఒకటే కోరిక, ఐసీయూ నర్సింగులో పైకోర్సు చెయ్యాలని. ఒకసారి సీటొచ్చింది, అప్పటికే అమ్మాయి కడుపులో ఉంది, మానేసింది. రెండోసారి అబ్బాయి. ముచ్చటగా మూడోసారి నాగపూర్‌లో సీటొచ్చేసరికి అమ్మాయికి ఆరేళ్ళు, అబ్బాయికి నాలుగు. ఏడాది కోర్సు, అక్కడే హాస్టల్లో ఉండాలి. "ఈసారి కూడా పోతే ఇంకెప్పుడూ అడగనండి" అంది. ఏడుస్తూ అని ఉంటే ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టేవాణ్ణి. బెండకాయలు తరుగుతూ మామూలుగా అంది. దాంతో నాకు భయం పట్టుకుంది. వెళ్ళు, ఇల్లు నేను చూసుకుంటాను అన్నాను.

అనడం తేలికే. పాలకొల్లు నుంచి మా అత్తగారు ఫోన్లోనే నవ్వారు. "అల్లుడుగారు ఇల్లు చూసుకుంటారంటండీ, చూద్దారి" అన్నారు పక్కనున్న ఎవరితోనో, నాకు వినపడేలా. మా ఆవిడ నవ్వలేదు గానీ ఒక షరతు పెట్టింది. పిల్లలు సరిగ్గా లేరని తెలిసిన రోజున బండెక్కి వచ్చేస్తుంది, మళ్ళీ వెళ్ళదు. అంటే ఆమె చదువు మొత్తం నా వంటింటి మీద ఆధారపడి ఉంది. ఆ వంటింట్లో నాకు తెలిసిన పని టీ పెట్టడం ఒక్కటే.

నేను రైల్వేలో సిగ్నల్ మెయింటైనర్ని. రాయ్‌పూర్ నుంచి మందిర్ హసౌద్ దాకా పట్టాల పక్కనుండే పెట్టెలు తెరిచి, తీగలు చూసి, మళ్ళీ మూసి రావడం నా ఉద్యోగం. మనిషిని కాస్త ముక్కోపిని, కానీ ఏదైనా పాడైందంటే మాత్రం కోపం రాదు, ఆసక్తి పుడుతుంది. ఎందుకు పాడైంది, ఎప్పట్నుంచి, ఏం జరిగాక? ఇల్లు నడపడానికి కూడా ఆ బుద్ధినే నమ్ముకున్నాను. మా ఆవిడ వెళ్ళే ముందు రోజు పిల్లలిద్దర్నీ మంచం మీద కూర్చోబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. "ఇంట్లో పనంతా మనం ముగ్గురం చేసేసుకుందాం. అప్పుడు అమ్మకి ఇక్కడ పనేం ఉండదు. హాయిగా అక్కడే ఉండి చదువుకుంటుంది." అబ్బాయి చప్పట్లు కొట్టాడు. అమ్మాయి తల ఊపింది. బాగా చెప్పానని నాకు నేనే మెచ్చుకున్నాను.

మొదటి వారమంతా పండగే. కొత్తొక వింత అన్నారు కదా. ఇద్దరూ చీపురు కోసం కొట్టుకునేవాళ్ళు. రెండో వారానికి చీపురు మూలన పడింది. అప్పుడు మొదలైంది నా పరిశోధన. పిల్లలు పని ఎందుకు చేస్తారు, ఎందుకు మానేస్తారు? "ఒరేయ్, ఆ గ్లాసు తియ్యరా" అంటే మా వాడు వీధిలోకి పరిగెత్తేవాడు. నేను చెప్పకుండా వెళ్ళి గ్లాసు తియ్యబోతే మాత్రం చేతిలోంచి లాక్కునేవాడు. సరే, నీ దారి నాకు తెలిసిందిలే అనుకుని, అప్పట్నుంచి వాడికి ఏ పనీ చెప్పలేదు. నేనే చెయ్యబోతున్నట్టు లేచి నిలబడేవాణ్ణి, అంతే.

వాడికి తడిగుడ్డతో నేల తుడవడమంటే ప్రాణం. కానీ తుడిచిన చోటే తుడుస్తాడు, పక్కకి జరగడు. గది మధ్యలో ఒక్క పళ్ళెమంత జాగా అద్దంలా మెరిసేది, మిగతా గదంతా దుమ్ము. రెండుసార్లు కసిరాను. మూడోసారి నేనూ వాడి పక్కన బోర్లా పడుకుని చూశాను, ఏముందక్కడ అని. తడి నేలలో పైనున్న ఫ్యాను తిరుగుతూ కనపడుతోంది. నేల ఆరిపోతే ఫ్యాను పోతోంది, మళ్ళీ తుడుస్తున్నాడు. నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. "వంటింట్లో ట్యూబులైటు కనపడుతుందేమో చూడరా" అన్నాను. ఆ రోజు నుంచి ఇల్లంతా తుడవడం వాడి పని.

అమ్మాయి వేరే రకం. తనకి పని సగం ఇస్తే ఒప్పుకోదు, మొత్తం ఇవ్వాలి. బియ్యంలో రాళ్ళు ఏరడం ఇస్తే కడగడం కూడా తనదే. ఉతికిన బట్టలు మడతపెట్టడం ఇస్తే అల్మారాలో ఎవరి బట్టలు ఏ అరలో ఉండాలో కూడా తనే చెబుతుంది. ఇద్దరి చేతా పని మరిచిపోకుండా చేయించడానికి ఇంజన్లో ఉండే పద్ధతి ఒకటి తెచ్చాను. బండి నడిపేటప్పుడు సిగ్నల్ కనపడగానే లోకో పైలట్టూ, అసిస్టెంటూ దాని రంగు ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటారు. ఇద్దరూ అంటేనే చూసినట్టు లెక్క. మా ఇంట్లో బయటికి వెళ్ళే ముందు అమ్మాయి గుమ్మంలో నిలబడి "గ్యాస్ బంద్!" అని అరిచేది, తమ్ముడు వంటింట్లోంచి "బంద్!" అనేవాడు. "నల్లా బంద్!" "బంద్!" రైల్వే క్వార్టర్ల వాళ్ళంతా మా అరుపులు విని నవ్వుకునేవాళ్ళు. నాకేం సిగ్గనిపించలేదు. నల్లా ఒక్కరోజు కూడా వదిలేసి వెళ్ళలేదు మేం.

పక్క క్వార్టర్లో ఆరంగ్ అవతలి పల్లెటూరి నుంచి వచ్చిన ఒకావిడ ఉండేది. పిల్లలు ఆమెని కాకీ అనేవాళ్ళు, మనం పిన్నీ అన్నట్టు. బడి నుంచి వచ్చాక నేను డ్యూటీ దిగేదాకా వీళ్ళు ఆమె దగ్గరే. "కా కరత్ హస్ నోనీ?", ఏం చేస్తున్నావే పిల్లా, అని పలకరించి, ఏది చేస్తుంటే అందులోకి మా అమ్మాయిని దింపేది. కాబట్టి మా అమ్మాయి పనిలో సగం నేను నేర్పింది, సగం ఛత్తీస్‌గఢీలో నేర్చుకున్నది. ఆ సంగతి అప్పుడు నేను పట్టించుకోలేదు.

రోజూ సాయంత్రం ముగ్గురం ప్రార్థన చేసుకున్నాక నాగపూర్‌కి ఫోను. "ఏం తిన్నారు, ఏం చేశారు?" అని అడిగేది మా ఆవిడ. అమ్మాయి వరసగా చెప్పేది, అన్నీ అయిపోయాయని. తర్వాత ఫోను నేను తీసుకుంటే మా ఆవిడ గొంతులో సంతోషంతో పాటు ఇంకేదో ఉండేది. "నేను లేకపోయినా బానే నడుస్తోందన్న మాట" అనేది. నడుస్తోంది అనేవాణ్ణి గర్వంగా.

అలా బాగా నడుస్తున్నప్పుడే ఇంట్లో వస్తువులు మాయమవడం మొదలైంది.

ముందు మేజోళ్ళు. జతలో ఒకటి ఉంటుంది, రెండోది ఉండదు. సరే, ఏ ఇంట్లో లేదు ఈ గొడవ అనుకున్నాను. తర్వాత అమ్మాయి యూనిఫారం చొక్కా. తర్వాత కుట్టు ఊడిన దిండు గలీబు. ఒక వెల్లుల్లి సంచి. బస్తర్ వైపు నుంచి కొత్త చింతపండు వచ్చే రోజులవి. మా ఆవిడ ఏటా కొని, గింజలు తీసి, ఉప్పు కలిపి జాడీలో పెట్టేది. నేనూ కొనుక్కొచ్చాను. సాయంత్రం వరండాలో ముగ్గురం కూర్చుని గింజలు తీశాం. గింజ తీస్తే వేళ్ళకి అంటుకుంటుంది, నాకితే పుల్లన. పిల్లలకి అంతకంటే మంచి పని ఈ లోకంలో లేదు. సగం అయ్యాక పొద్దుపోయిందని ఆపాం. పొద్దున చూస్తే తియ్యని సగం లేదు. గింజలు తీసింది మాత్రం అలాగే ఉంది.

ఎలకలు మేజోళ్ళు పట్టుకుపోతాయేమో గానీ చింతపండు తినవు. దొంగలైతే గింజలు తీసిన చింతపండు వదిలేసి గింజలున్నది పట్టుకుపోరు. మా వాడి మీద అనుమానం వచ్చింది. వాణ్ణి కూర్చోబెట్టి అడిగితే అన్నీ ఒప్పుకున్నాడు. ఏనుగుని దాచావా అంటే కూడా దాచాననే వయసు వాడిది. నా ఉద్యోగంలో అన్నిటికంటే కష్టమైన ఫాల్టు, ఉండీ ఉడిగీ వచ్చేది. మనం వెళ్ళేసరికి అంతా బాగుంటుంది, వెనక్కి తిరగ్గానే పోతుంది. ఇదీ అలాంటిదే. నాకు చిరాకు రాలేదు. నిజం చెప్పాలంటే డ్యూటీలో కూడా దాని గురించే ఆలోచించేవాణ్ణి.

ఆ వేసవి ముదురుతున్నప్పుడు మా అత్తగారు చెప్పాపెట్టకుండా కాదు, చెప్పే వచ్చారు, విశాఖ బండిలో. మనవల్ని చూడ్డానికని పేరు. చూడాల్సింది నన్నేనని నాకు తెలుసు. పొద్దున్నే కోడికూర వండాను, అన్నం వండి మూత పెట్టాను. కాకీకి పిల్లల్ని చూస్తూ ఉండమని చెప్పి స్టేషన్‌కి వెళ్ళాను. బండి ఆలస్యం. ఇంటికి వచ్చేసరికి ఎండ మాడ్చేస్తోంది. అత్తగారు కాళ్ళు కడుక్కుని చాప మీద కూర్చున్నారు. అమ్మాయి మంచినీళ్ళ గ్లాసులు పెట్టింది, తమ్ముడు కంచాలు తెచ్చాడు. ఆవిడ కళ్ళు కొంచెం పెద్దవయ్యాయి. ఇదిగో చూడండి నా ఇల్లు అనుకుంటూ అన్నం గిన్నె మూత తీశాను.

అన్నం నీళ్ళలో ఈదుతోంది.

"ఇదేంటండీ అల్లుడుగారూ?" అన్నారు అత్తగారు.

"బోరే!" అంది అమ్మాయి, మొహం వెలిగిపోతూ. "ఎండగా ఉంది కదా అమ్మమ్మా, నీకోసం నేనే చేశాను."

ఛత్తీస్‌గఢ్ ఇళ్ళలో ఎండాకాలం అప్పుడే వండిన అన్నం చల్లార్చి నీళ్ళు పోసి తింటారు. దాన్ని బోరే అంటారు. రాత్రంతా నానితే బాసీ. కాకీ ఇంట్లో మధ్యాహ్నం రోజూ అదే భోజనం. బయట నుంచి ఎండలో వచ్చిన మనిషికి వేడన్నం పెట్టడం మా అమ్మాయి దృష్టిలో మర్యాద కాదు. చుట్టం కోసం వండిన అన్నంలో తనే చెంబులతో నీళ్ళు పోసి, ఉప్పు కూడా వేసింది. నాకు నవ్వాగలేదు. కోడికూరతో నీళ్ళన్నం ఎలా కలపాలో తెలియక అత్తగారు చెయ్యి గాల్లోనే ఉంచారు. "మా ఇంట్లో చద్దన్నం తెలుసు గానీ, వేడన్నాన్ని చద్దన్నం చెయ్యడం ఇక్కడే చూశానండి" అన్నారు. తిన్నారు, కాదనను. రెండోసారి కూడా వేయించుకున్నారు. కానీ తిన్నంత మాత్రాన మనసు మార్చుకునే మనిషి కాదు ఆవిడ.

సాయంత్రానికి మేజోళ్ళ సంగతి, చొక్కా సంగతి, చింతపండు సంగతి ఆవిడకి తెలిసిపోయాయి. మా వాడే చెప్పాడు, అన్నీ తనే దాచానని. మర్నాడు అమ్మాయికి తల దువ్వుతూ చొక్కాకి బొత్తాం లేకపోవడం చూశారు. "ఏదీ, సూదీ దారం ఇయ్యండి" అన్నారు. అమ్మాయి దువ్వెన వదిలించుకుని చొక్కా పట్టుకుని పారిపోయింది. అప్పుడు అత్తగారు నన్ను పిలిచి నెమ్మదిగానే చెప్పారు. "బాబూ, మీ కష్టం నేను కాదనట్లేదు. కానీ పిల్లకి ఏదో బెంగ ఉందండి. మొక్కగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఆదివారం వాళ్ళమ్మని ఒకసారి రమ్మని ఫోన్ చేశాను. కళ్ళారా చూసుకుని అదే తేల్చుకుంటుంది, ఉండాలో వెళ్ళాలో."

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆవిడ అన్నదాంట్లో బెంగ అన్న ముక్క నన్ను వదల్లేదు. నేను ఇన్నాళ్ళూ వస్తువులు ఎక్కడికి పోతున్నాయని వెతికాను. ఎందుకు పోతున్నాయని వెతకలేదు.

శనివారం మధ్యాహ్నం అత్తగారు ఉక్క భరించలేకపోతున్నానంటే వరండాలో మూలనున్న కూలర్ బయటికి లాగాను. చలికాలమంతా పాత దుప్పటి కప్పి పెట్టి ఉంది. గడ్డి మార్చాలి, నీళ్ళ టబ్బు కడగాలి. పక్క తలుపు ఊడదీసి లోపల చూస్తే టబ్బు నిండా సామాను.

మేజోళ్ళు. దిండు గలీబు. వెల్లుల్లి. ప్లాస్టిక్ సంచిలో మూతి ముడేసిన చింతపండు. చిక్కులు పడిన రిబ్బన్లు. మా ఆవిడ చీర ఒకటి, ఫాల్ ఊడింది. ఏదీ విసిరేసినట్టు లేదు, అన్నీ అల్మారాలో పెట్టినంత పొందిగ్గా సర్ది ఉన్నాయి. రెండు చొక్కాలున్నాయి. బొత్తాలు ఊడిపోలేదు, ఊడదీశారు. దారం కొరికిన గుర్తు కనపడుతోంది. ఊడదీసిన బొత్తాం పోకుండా అదే చొక్కా జేబులో వేసి, జేబుకి పిన్నీసు పెట్టి ఉంది. నేను అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. ఇంత జాగ్రత్తగా ఎవరైనా ఎందుకు పాడుచేస్తారు?

అమ్మాయి కాకీ ఇంటి నుంచి వస్తూ చూసింది. చూసి పరిగెత్తుకొచ్చింది.

"అవి ముట్టుకోవద్దు డాడీ. అవి అమ్మ పనులు."

"అమ్మ పనులేంటమ్మా?"

"అమ్మకే వచ్చినవి. బొత్తాం కుట్టడం నీకు రాదు కదా. నేను దాచి పెట్టాను." తర్వాత నా మొహం చూసి, చెప్పక తప్పదనుకుందేమో, చెప్పింది. "మనం అన్నీ చేసేస్తే అమ్మ అక్కడే ఉండిపోతుంది కదా. నువ్వే అన్నావు. అందుకని రోజూ కొంచెం మిగులుస్తున్నాను."

సిగ్నల్ ఎర్రగా పడిందంటే చాలామంది సిగ్నల్ చెడిపోయిందనుకుంటారు. నిజానికి ఎక్కడో ఏదో తెగితే ఎర్రగా పడాలనే దాన్ని అలా కట్టారు. అది తన పని తను సరిగ్గానే చేస్తుంది, తెగింది ఇంకెక్కడో ఉంటుంది. ఈ పిల్ల ఇన్ని నెలలూ బియ్యం ఏరింది, బట్టలు మడతపెట్టింది, తమ్ముణ్ణి లేపింది, అన్నీ నేను చెప్పినట్టే చేసింది. చేసినకొద్దీ వాళ్ళమ్మని తనే దూరం చేస్తున్నాననుకుంది. మిగిల్చేందుకు పని దొరకని రోజున బొత్తాలు కొరికి పని పుట్టించింది. నాకు గుండె పిండినట్టయింది. దాంతో పాటే, అబద్ధమెందుకు, ఇంత తెలివి ఎక్కణ్ణుంచి వచ్చిందా అని ఆశ్చర్యం కూడా వేసింది.

"పని లేకపోయినా అమ్మ వస్తుంది" అన్నాను.

"ఎందుకొస్తుంది?"

"ఊరికే వస్తుంది."

"ఊరికే ఎవరొస్తారు?" అంది. ఎదురు చెప్పడానికి కాదు, నిజంగానే అడిగింది. "కాకీ కూర ఇవ్వడానికి వస్తుంది. అమ్మమ్మ మనల్ని చూడ్డానికి వచ్చింది. నువ్వు డ్యూటీకి వెళ్తావు. ఊరికే ఎవరూ రారు కదా."

నేను ఆలోచించాను. మా ఇంటికి ఊరికే వచ్చిన మనిషిని ఒక్కణ్ణి చూపిద్దామంటే ఎవరూ గుర్తు రాలేదు. మేం ఉండేదే అలాంటి ఊరు. తాతల నాడు రైలు పని కోసం వచ్చినవాళ్ళం, పని ఉన్నచోటికే కదులుతాం, పనుంటేనే ఒకరింటికొకరు వెళ్తాం. పిల్ల చూసిందే చెబుతోంది. అందుకని వాదించలేదు. వాళ్ళమ్మకి ఆ చదువంటే ఎంత ఇష్టమో చెప్పాను. రెండుసార్లు మానేసిందని కూడా చెప్పాను.

"ఎందుకు మానేసింది?"

"ఒకసారి నువ్వు పుట్టబోతున్నావని. ఇంకోసారి తమ్ముడు."

"మా మీద కోపం వచ్చిందా?"

"లేదమ్మా. కానీ ఈసారి మానేస్తే ఇంకెప్పుడూ అడగనంది."

అమ్మాయి టబ్బు వైపు తిరిగింది. నాకు అసలు భయం అప్పుడు పట్టుకుంది. రేపు మా ఆవిడ వచ్చి ఈ టబ్బు చూసిందంటే, ఈ మాటలు విన్నదంటే, ఇక నాగపూర్ మాట ఎత్తదు. నేను కూడా ఎత్తలేను. దాచెయ్యమని పిల్లకి చెప్పడానికి నోరు రాలేదు. వాళ్ళమ్మకి చెప్పమనడానికీ రాలేదు. అమ్మాయే చింతపండు సంచి తీసి ముడి విప్పింది. కూర్చుని గింజలు తియ్యడం మొదలుపెట్టింది. నేను సూదీ దారం తెచ్చుకుని బొత్తాలు కుట్టాను, వంకరటింకరగా, వేలు రెండుమూడు సార్లు పొడుచుకుంటూ. తమ్ముడొచ్చి మేజోళ్ళు జతలు కలిపాడు. లోపల నడుం వాల్చిన అత్తగారు లేచేసరికి కూలర్ తిరుగుతోంది. గింజలన్నీ అయ్యేదాకా అమ్మాయి ఆపలేదు. వేళ్ళు నాకలేదు కూడా.

ఆదివారం పొద్దున్నే మా ఆవిడ వచ్చింది. చిక్కింది, కళ్ళ కింద నలుపు. చర్చికి వెళ్ళొచ్చాం, తిన్నాం. తిన్నాక చీర కుచ్చిళ్ళు ఎగదోపి వంటింట్లోకి వెళ్ళింది. సింకులో ఒక్క గిన్నె లేదు. పొయ్యి తుడిచి ఉంది. బట్టలు అల్మారాలో ఉన్నాయి. జాడీ మూత తీసి చూసి, మళ్ళీ పెట్టింది. ఎక్కడ చెయ్యి పెట్టాలో తెలియక వంటింటి మధ్యలో నిలబడింది. అమ్మాయి గుమ్మం పట్టుకుని వాళ్ళమ్మ చేతుల్నే చూస్తోంది. మా ఆవిడ చేతులు దులుపుకుని గదిలోకొచ్చింది. చాప మీద పడుకుని, రా అని అమ్మాయిని పక్కలోకి లాక్కుంది. అలాగే నిద్రపోయింది. అమ్మాయి నిద్రపోలేదు. చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుంది, అయినా వాళ్ళమ్మ లేచేదాకా కదల్లేదు.

సాయంత్రం బండి టైముకి ముందు అత్తగారు కదిపారు. "ఏం అనుకున్నావే? ఉంటావా, వెళ్తావా?"

మా ఆవిడ నా వైపు తిరిగింది. "ఏవండీ, నిజం చెప్పండి. పిల్లలు బానే ఉన్నారా? అమ్మ బెంగ అంటోంది. నా కోసమని దాచకండి."

అడిగితే నిజం చెప్పాలనే అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. ఈలోపు అమ్మాయి వచ్చి వాళ్ళమ్మ ముందు నిలబడింది.

"బానే ఉన్నాం అమ్మా. పనులన్నీ అయిపోయాయి. ఏం మిగల్లేదు, నువ్వెళ్ళు."

మా ఆవిడ ఆ పిల్ల మొహం రెండు చేతుల్తో పట్టుకుని చూసింది. అందులో ఏం కనపడిందో, "సరే" అంది. అత్తగారు లేచి కూతురి సంచిలో ఆవకాయ సీసా పెట్టారు. నేను టబ్బు సంగతి చెప్పింది కోర్సు పూర్తయి, మా ఆవిడ ఇంటికొచ్చేశాకే.

స్టేషన్‌కి అందరం వెళ్ళాం. బండి కదిలినప్పుడు తమ్ముడు ఏడ్చాడు, వాళ్ళమ్మ కిటికీలోంచి ఏడ్చింది, అమ్మాయి ఏడవలేదు. చెయ్యి ఊపుతూనే ఉంది. నా మాట నమ్మిందన్న మాట, అందుకే ధైర్యంగా పంపించింది అనుకుని నాలో నేను కొంచెం తేలికపడ్డాను. చివరి పెట్టె ప్లాట్‌ఫారం దాటాక నా చొక్కా పట్టుకుని లాగింది.

"ఊరికే వస్తుంది కదా డాడీ?"

అప్పటిదాకా నమ్మలేదన్న మాట. నమ్మకుండానే వాళ్ళమ్మని వెళ్ళమంది. వస్తుందమ్మా అన్నాను. వంగి ఎత్తుకున్నాను. బడికి వెళ్ళడం మొదలుపెట్టాక ఎవరైనా ఎత్తుకుంటే ఊరుకునేది కాదు, చిన్నపిల్లనా అని పోట్లాడేది. ఆ రోజు పోట్లాడలేదు.